బొగ్గు కరెంటు కాలుష్యానికి ధర కట్టాలంటే ఏ పద్ధతి మేలు? సెస్, పర్మిట్లు, ఛార్జీ-వాపసు పోలిక

2025 సెప్టెంబర్ 22న మన దేశంలో బొగ్గు మీద ఉన్న టన్నుకు 400 రూపాయల సెస్ పోయింది. అదే రోజు బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. ఒక పన్ను పోయి ఇంకోటి వచ్చిందిలే అని చాలామంది వదిలేశారు. లెక్క వేస్తే మాత్రం ఇది చిన్న మార్పు కాదు. పెరిగిన 13 శాతం పాత 400 రూపాయలకు సమానమయ్యేది టన్ను ధర సుమారు 3,100 రూపాయలు ఉన్నప్పుడు. అంతకన్నా చవకైన బొగ్గు మీద పన్ను తగ్గింది, ఖరీదైన బొగ్గు మీద పెరిగింది. చవక బొగ్గు అంటే సాధారణంగా బూడిద ఎక్కువగా, వేడి తక్కువగా ఇచ్చే రకం. అంటే యూనిట్ కరెంటుకు ఎక్కువ బొగ్గు కాల్చాల్సిన రకానికే ఊరట దొరికింది.

కాలుష్యానికి ధర కట్టడం అనే ఆలోచన మంచిదే, నేను దాన్ని గట్టిగా సమర్థిస్తాను. ఒక యూనిట్ బొగ్గు కరెంటు తయారైతే దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, సన్నటి ధూళి, బూడిద దానికి అదనం. ఈ నష్టం బిల్లులో ఎక్కడా కనపడదు. ఆసుపత్రి ఖర్చుగానో, పాడైన పంటగానో, పెరిగిన ఎండగానో ఇంకెవరో కడుతున్నారు. అయితే ధర ఎలా కడతాం అన్నదాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుంది. సెస్ మంచిదా, పర్మిట్ల వ్యాపారం మంచిదా, అసలు నిబంధన పెట్టి జరిమానా వేస్తే సరిపోదా అని తేల్చుకోలేనివాళ్ల కోసం ఈ పోలిక.

## ముందు చూడాల్సినవి

ఏ కాలుష్యం గురించి మాట్లాడుతున్నాం? కార్బన్ డయాక్సైడ్ రామగుండంలో తగ్గినా, పరవాడలో తగ్గినా వాతావరణానికి ఒకటే. ధూళి, సల్ఫర్ అలా కాదు. పాల్వంచ చిమ్నీ నుంచి వచ్చేదాన్ని పాల్వంచ చుట్టుపక్కల వాళ్లే ముందుగా పీలుస్తారు. ఈ తేడా పట్టించుకోకుండా పెట్టిన ఏ పద్ధతైనా ఎక్కడో ఒకచోట అన్యాయం చేస్తుంది.

ధర ఎవరి నిర్ణయాన్ని మారుస్తుంది? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, చర్చల్లో తక్కువగా వినిపించేదీ ఇదే. మన దగ్గర థర్మల్ కేంద్రాలు ఎక్కువగా డిస్కమ్‌లతో (కరెంటు పంపిణీ సంస్థలతో) 25 ఏళ్ల ఒప్పందాల మీద నడుస్తాయి. కొత్త పన్ను వస్తే 'చట్టంలో మార్పు' అనే షరతు కింద ఆ భారం నేరుగా డిస్కమ్‌కు, అక్కడి నుంచి ట్రూ-అప్ (పెరిగిన ఖర్చును తర్వాత వసూలు చేసే) ఛార్జీల రూపంలో మన బిల్లుకు చేరుతుంది. ప్లాంట్ యజమాని జేబు కదలదు. మరి ధర పనిచేసేది ఎక్కడ? రెండు చోట్ల.

ఒకటి, మెరిట్ ఆర్డర్. ఏ ప్లాంట్‌ను ముందు నడపాలో, దేన్ని తగ్గించాలో చర వ్యయం (ముఖ్యంగా యూనిట్‌కు అయ్యే ఇంధన ఖర్చు) చూసి లోడ్ డిస్పాచ్ సెంటర్ నిర్ణయిస్తుంది. ఉదాహరణకు, కొత్త ప్లాంట్ యూనిట్‌కు 0.6 కిలోల బొగ్గు, పాతది 0.8 కిలోలు కాలుస్తుందనుకుందాం. టన్నుకు 400 రూపాయల సెస్ ఉంటే వాటి మీద పడేది 24 పైసలు, 32 పైసలు. తేడా 8 పైసలే. గని పక్కనే ఉన్న పాత ప్లాంట్‌కు రవాణా ఖర్చులో మిగిలేది అంతకన్నా ఎక్కువ ఉంటే, వరుసలో అదే ముందుంటుంది. సెస్ 2,000 రూపాయలైతే తేడా 40 పైసలు. అప్పుడు వరుస మారే అవకాశం ఉంది.

రెండోది, కొత్త ఒప్పందాలు. సోలార్, పవన విద్యుత్ ఎలాగూ 'తప్పక తీసుకోవాల్సిన' కోటాలో ఉన్నాయి కాబట్టి పగటిపూట సెస్ వల్ల మారేది తక్కువ. సాయంత్రం ఆరు తర్వాత పీక్ డిమాండ్‌కు కొత్త బొగ్గు ప్లాంట్ కట్టాలా, బ్యాటరీలు గానీ, పంప్డ్ స్టోరేజ్ (నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ఏర్పాటు) గానీ తెచ్చుకోవాలా అన్న దగ్గర కాలుష్య ధర బరువు తూగుతుంది. పదేళ్ల పాటు ఆ ధర నిలుస్తుందన్న నమ్మకం ఉంటేనే సుమా.

వచ్చిన డబ్బు ఎటు పోతుంది? దీని గురించి కింద వివరంగా చెప్తాను.

కొలత నమ్మదగ్గదేనా? బొగ్గు టన్నులు లెక్కపెట్టడం తేలిక. చిమ్నీలోంచి వచ్చే సల్ఫర్‌ను ఇరవై నాలుగు గంటలూ సరిగ్గా కొలవడం కష్టం.

ప్రభుత్వం మారితే నిలుస్తుందా? ఆస్ట్రేలియాలో 2012 జులైలో టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 23 డాలర్ల ధర పెట్టారు. ఎన్నికల్లో అదే పెద్ద గొడవై, ప్రభుత్వం మారాక 2014లో రద్దయింది. రెండేళ్లే ఉండే ధరను నమ్ముకుని ఎవరూ 25 ఏళ్ల పెట్టుబడి పెట్టరు.

## 1. ఇంధనం మీద సెస్ లేదా కార్బన్ పన్ను

మన దేశానికి ఇది కొత్త కాదు. 2010 జులై 1 నుంచి టన్ను బొగ్గుకు 50 రూపాయల క్లీన్ ఎనర్జీ సెస్ మొదలైంది. 2014లో 100, 2015లో 200, 2016లో 400 అయింది. ఆ స్థాయిలో యూనిట్‌కు పడేది సుమారు 28 పైసలు. టన్ను కార్బన్ డయాక్సైడ్ లెక్కన 260, 270 రూపాయల దాకా వస్తుంది.

సెస్ బలం సులువులోనే ఉంది. గని ముఖద్వారం దగ్గర, రేవు దగ్గర వసూలు చేస్తే చాలు. దొంగలెక్కలకు చోటు తక్కువ, కొత్త యంత్రాంగం అక్కర్లేదు, రేటు ముందే తెలుస్తుంది.

మనకు దెబ్బ తగిలింది ఖర్చు దగ్గర. 2010-11 నుంచి 2017-18 వరకు ఈ సెస్ ద్వారా వచ్చింది సుమారు 86,440 కోట్ల రూపాయలు. అందులో జాతీయ క్లీన్ ఎనర్జీ నిధికి చేరింది సుమారు 29,645 కోట్లే. నిజంగా ప్రాజెక్టులకు వెళ్లింది దాదాపు 15,911 కోట్లు. 2017 జులైలో జీఎస్టీ రాగానే ఈ సెస్‌ను తీసేసి, అదే 400 రూపాయలను రాష్ట్రాలకు పరిహారం ఇచ్చే సెస్‌గా మార్చారు. పర్యావరణం పేరుతో జనం కట్టిన డబ్బులో ఐదో వంతు కూడా పర్యావరణ పనులకు చేరలేదన్నది నన్ను ఇప్పటికీ బాధించే విషయం. తర్వాత ఎవరు ఇలాంటి పన్ను ప్రతిపాదించినా జనం నమ్మకపోవడానికి కారణం అక్కడే ఉంది.

ఇంకో చిక్కు కేంద్ర-రాష్ట్రాల మధ్య. 2017 దాకా క్లీన్ ఎనర్జీ సెస్ కేంద్రానికి వెళ్లేది, రాష్ట్రాలకు పంచాల్సిన పన్నుల వాటాలో ఉండేది కాదు. ఖర్చు మాత్రం రాష్ట్ర డిస్కమ్ మీద పడేది. రైతులకు ఉచిత కరెంటు ఇచ్చే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో డిస్కమ్ ఖర్చు పెరిగితే సబ్సిడీ బిల్లు కూడా పెరుగుతుంది. ఇప్పటి 18 శాతం జీఎస్టీలోనూ చిక్కు ఉంది. కరెంటు జీఎస్టీలో లేదు కాబట్టి బొగ్గు మీద కట్టిన పన్నును ఎక్కడా సర్దుబాటు చేసుకోలేరు, అదీ ఖర్చులోనే కలుస్తుంది.

ఈ పద్ధతి గెలిచిన చోటు బ్రిటన్. 2013 ఏప్రిల్‌లో విద్యుత్ కేంద్రాలు కాల్చే ఇంధనం మీద కార్బన్ కనీస ధర తెచ్చారు. యూరప్ పర్మిట్ ధరకు అదనంగా వేసే ఆ పన్నును 2016 నుంచి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 18 పౌండ్ల దగ్గర నిలిపారు. ఇప్పటి మారకంలో అది సుమారు 2 వేల రూపాయలు. 2012లో అక్కడి కరెంటులో దాదాపు 40 శాతం బొగ్గుదే. 2024 సెప్టెంబర్ 30న చివరి బొగ్గు కేంద్రం రాట్‌క్లిఫ్ మూతపడింది. పన్ను ఒక్కటే కారణం కాదు. పాత ప్లాంట్ల మీద యూరప్ కాలుష్య నిబంధనలు, సముద్రంలో గాలిమరలు కూడా కలిసొచ్చాయి. అన్నిటికీ మించి, అక్కడ గ్యాస్ కేంద్రాలు సిద్ధంగా ఉన్నాయి. బొగ్గు ఖరీదు కాగానే గ్యాస్ అందుకుంది.

మనకు ఆ సౌలభ్యం లేదు. కృష్ణా-గోదావరి గ్యాస్‌ను నమ్ముకుని ఆంధ్రప్రదేశ్‌లో కట్టిన ప్లాంట్లు గ్యాస్ రాక ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. కాబట్టి బ్రిటన్ రేటు తెచ్చి ఇక్కడ పెట్టినంత మాత్రాన బ్రిటన్ ఫలితం రాదు. శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్ లాంటి చోట్ల నీటిని వెనక్కి తోడే యూనిట్లను పూర్తిగా వాడుకోవడం, పిన్నాపురం తరహా పంప్డ్ స్టోరేజ్, బ్యాటరీలు: బొగ్గు తగ్గాలంటే ఇక్కడ అందుకోవాల్సినవి అవి.

## 2. హద్దు పెట్టి పర్మిట్ల వ్యాపారం

మొత్తం ఇంత కాలుష్యమే అని ప్రభుత్వం హద్దు గీస్తుంది. దానికి సరిపడా పర్మిట్లు ఇస్తుంది, లేదా వేలం వేస్తుంది. తక్కువ ఖర్చుతో తగ్గించగలిగినవాళ్లు తగ్గించి, మిగిలిన పర్మిట్లు అమ్ముకుంటారు.

దీనికి పేరు తెచ్చింది అమెరికా ఆమ్లవర్షాల కార్యక్రమం. 1990 చట్టం ప్రకారం 1995 నుంచి పవర్ ప్లాంట్ల సల్ఫర్ డయాక్సైడ్‌కు పర్మిట్లు మొదలయ్యాయి. అనుకున్నదానికన్నా చాలా తక్కువ ఖర్చుతో కాలుష్యం పడిపోయింది. రైలు రవాణా చౌకై, పశ్చిమ రాష్ట్రాల తక్కువ సల్ఫర్ బొగ్గు తూర్పు ప్లాంట్లకు అందడం అందుకు బాగా తోడ్పడింది. తర్వాత ఒక రాష్ట్రం పొగ పక్క రాష్ట్రానికి పోతోందన్న కేసులు, కోర్టు తీర్పులు, రాష్ట్రాలవారీ కొత్త హద్దులు వచ్చాయి. 2012 వేలంలో పర్మిట్ ఒక డాలర్ కన్నా తక్కువకు అమ్ముడుపోయింది. చోటును బట్టి హాని మారే కాలుష్యానికి దేశమంతటికీ ఒకే సంత పెడితే ఎదురయ్యే సమస్య అది.

యూరప్‌లో 2005లో మొదలైన కార్బన్ సంత ఇంకో పాఠం నేర్పింది. మొదట్లో పర్మిట్లు ఉచితంగా, అవసరానికి మించి పంచారు. 2007 నాటికి ధర సున్నాకు చేరింది. అంతకన్నా కోపం తెప్పించే సంగతి, ఉచితంగా దొరికిన పర్మిట్ల విలువను కూడా కంపెనీలు కరెంటు ధరలో కలిపి లాభం చేసుకున్నాయి. 2013 నుంచి చాలా దేశాల్లో విద్యుత్ కేంద్రాలు వేలంలో కొనాల్సిందే అన్నారు. 2019లో మిగులు పర్మిట్లను పక్కన పెట్టే నిల్వ ఏర్పాటు తెచ్చారు. 2023 ఫిబ్రవరిలో ధర టన్నుకు 100 యూరోలు తాకింది. పనిచేసే స్థాయికి రావడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది.

మన దేశంలోనూ ఒక నిజమైన ప్రయత్నం ఉంది. సూరత్‌లో 2019లో బొగ్గు కాల్చే పరిశ్రమల ధూళికి, ఎక్కువగా వస్త్ర మిల్లులకు, గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి పర్మిట్ల సంత పెట్టింది. చిమ్నీలకు నిరంతరం కొలిచే పరికరాలు బిగించి నడిపారు. పాల్గొన్న మిల్లుల్లో ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. అవి విద్యుత్ కేంద్రాలు కావు, కానీ మన మండళ్లు ఇలాంటిది నడపలేవన్న వాదనకు ఇది సమాధానం. ఒకే నగరంలో వందల చిమ్నీలు ఉండటం వల్ల అక్కడ స్థానిక సంత కుదిరింది. ఒక జిల్లాలో ఒకటో రెండో థర్మల్ కేంద్రాలుంటే అక్కడ ఎవరు ఎవరికి అమ్ముతారు?

## 3. యూనిట్‌కు ఇంత అనే లక్ష్యం, దాని మీద సర్టిఫికెట్లు

ఇక్కడ మొత్తం మీద హద్దు ఉండదు. యూనిట్ ఉత్పత్తికి ఇంతకన్నా ఎక్కువ వాడకూడదు, వదలకూడదు అన్న లక్ష్యం మాత్రం ఉంటుంది. లక్ష్యం కన్నా మెరుగ్గా నడిచినవాళ్లకు సర్టిఫికెట్లు దొరుకుతాయి, వెనకబడినవాళ్లు వాటిని కొనుక్కోవాలి. 2012లో మొదలైన మన 'పాట్' పథకం ఇంధన పొదుపు మీద ఇలాగే నడిచింది, థర్మల్ కేంద్రాలు కూడా అందులో ఉన్నాయి. చైనా 2021 జులైలో దేశవ్యాప్త కార్బన్ సంతను విద్యుత్ రంగంతో ఇదే తరహాలో మొదలుపెట్టింది. 2023 జూన్‌లో మనం ప్రకటించిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకమూ ఈ కోవలోదే. దాని మొదటి విడతలో సిమెంటు, అల్యూమినియం లాంటి పరిశ్రమలు ఉన్నాయి, విద్యుత్ కేంద్రాలు లేవు.

డిమాండ్ ఏటా పెరిగే దేశంలో రాజకీయంగా ఇదే తేలిక. బిల్లు పెద్దగా పెరగదు. కానీ ఒక మంచి బొగ్గు ప్లాంట్ ఇంకో బొగ్గు ప్లాంట్ కన్నా కాస్త మెరుగ్గా నడిస్తే బహుమతి దొరుకుతుంది, బొగ్గు బదులు స్టోరేజ్ ఎంచుకున్నందుకు దక్కేది మాత్రం తక్కువ. దారి మార్చే శక్తి దీనికి లేదని నా అభిప్రాయం.

## 4. ఛార్జీ వసూలు చేసి, ఉత్పత్తిని బట్టి వాపసు

తెలుగులో దీని గురించి రాసినవాళ్లు తక్కువ, నాకు మాత్రం బాగా నచ్చిన పద్ధతి. స్వీడన్ 1992లో పెద్ద బాయిలర్ల నైట్రోజన్ ఆక్సైడ్ల మీద కిలోకు 40 క్రోనాల ఛార్జీ పెట్టింది. వచ్చిన డబ్బును, నిర్వహణ ఖర్చు పోను, అదే ప్లాంట్లకు అవి ఉత్పత్తి చేసిన శక్తిని బట్టి తిరిగి ఇచ్చేసింది. సగటు కన్నా మురికిగా నడిచేవాళ్లు నష్టపోతారు, శుభ్రంగా నడిచేవాళ్లు లాభపడతారు. మొత్తం రంగం మీద నికర భారం దాదాపు ఉండదు కాబట్టి ఛార్జీని ఎక్కువగా పెట్టగలిగారు, పరిశ్రమ నుంచి వ్యతిరేకతా తగ్గింది. కాలక్రమంలో యూనిట్ శక్తికి వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లు సగానికి దగ్గరగా తగ్గాయి.

షరతు ఒకటే, కొలత కచ్చితంగా ఉండాలి. కొలిచే పరికరం పనిచేయని గంటలకు ఎక్కువ కాలుష్యం వదిలినట్టే లెక్కగట్టాలి. అప్పుడు పరికరాన్ని బాగు చేయించుకునే తొందర ప్లాంట్‌కే ఉంటుంది. ఇంకో మాట, ఇది కార్బన్‌కు అంతగా పనికిరాదు. వాపసు వల్ల కరెంటు ధర పెరగదు కాబట్టి వాడకం తగ్గదు.

## 5. నిబంధన, దాటితే జరిమానా

ఇది నేరుగా ధర కాదు, కానీ పోలికలో లేకపోతే కుదరదు. 2015 డిసెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ కేంద్రాలకు సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్లు, ధూళి, పాదరసం మీద పరిమితులు పెట్టింది. గడువు రెండేళ్లు. అది పొడిగింపు మీద పొడిగింపు పొందింది. 2021లో గడువు దాటినవాళ్లు యూనిట్‌కు 5 నుంచి 20 పైసల పరిహారం కట్టాలన్నారు. సల్ఫర్‌ను కడిగే ఎఫ్‌జీడీ యంత్రం ఖర్చు అంతకన్నా ఎక్కువయ్యే ప్లాంట్‌కు జరిమానా కట్టడమే లాభం. చివరికి 2025 జులైలో దాదాపు 78 శాతం యూనిట్లను ఎఫ్‌జీడీ నుంచి మినహాయించారు. దేశ రాజధాని ప్రాంతానికి, పది లక్షలు దాటిన నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి మాత్రం తప్పనిసరి, గడువు 2027 చివరి వరకు.

నిబంధన ఆలోచన తప్పు కాదు. దాటినప్పుడు పడే దెబ్బ, పాటించే ఖర్చు కన్నా తక్కువగా ఉండటమే తప్పు.

## ఒక్క చూపులో

| పద్ధతి | మొత్తానికి హద్దు | డబ్బు వస్తుందా | కొలత | దేనికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| బొగ్గు సెస్ | లేదు | బాగా | తేలిక | కార్బన్ |
| వేలంతో పర్మిట్లు | ఉంది | వస్తుంది, ధర ఊగుతుంది | కష్టం | కార్బన్, చిమ్నీలు ఎక్కువున్న నగరం |
| యూనిట్ లక్ష్యం | లేదు | రాదు | మధ్యస్తం | ఇంధన పొదుపు |
| ఛార్జీ-వాపసు | లేదు | తిరిగి పోతుంది | చాలా కచ్చితంగా ఉండాలి | సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్లు |
| నిబంధన-జరిమానా | చిమ్నీకి మాత్రమే | కొద్దిగా | కష్టం | ధూళి, పాదరసం |

## మీరు ఎవరైతే ఏది అడగాలి

థర్మల్ కేంద్రం పక్కన ఉండేవాళ్లు. ఇబ్రహీంపట్నం, ముద్దనూరు, పాల్వంచ, రామగుండం, పరవాడ... ఎక్కడైనా సరే, కార్బన్ పన్ను మీ గాలిని ఇప్పట్లో బాగుచేస్తుందని ఆశ పెట్టుకోవద్దు. మెరిట్ ఆర్డర్‌లో మీ ప్లాంట్ ముందుంటే, పన్ను వచ్చాక అది ఇంకా ఎక్కువ నడవొచ్చు కూడా. మీకు కావాల్సింది చిమ్నీ నిబంధన, దాని మీద ఛార్జీ-వాపసు. స్థానిక హద్దు లేకుండా సల్ఫర్ పర్మిట్ల వ్యాపారం అంటే ఒప్పుకోవద్దు. మీ పక్క యూనిట్‌కు ఎఫ్‌జీడీ మినహాయింపు దొరికిందో లేదో ముందు తెలుసుకోండి.

ఇంటి వినియోగదారులు. యూనిట్ బొగ్గు కరెంటుకు 28 పైసల సెస్ 2025 సెప్టెంబర్ దాకా మీ బిల్లులో ఏళ్ల తరబడి కలిసే ఉండేది, పేరు లేకుండా. కాబట్టి పన్ను పడుతుందా అన్నదాని కన్నా అది తిరిగొస్తుందా అన్న ప్రశ్న ముఖ్యం. వసూలైన సొమ్మును ప్రతి మీటర్‌కూ సమానంగా పంచితే ఏమవుతుందో చూడండి. అంతా బొగ్గు కరెంటే అనుకుంటే, నెలకు 100 యూనిట్లు కాల్చే ఇల్లు 28 రూపాయలు, 600 యూనిట్ల ఇల్లు 168 రూపాయలు కడతాయి. సమానంగా పంచితే చెరో 98 వస్తాయి. చిన్న ఇంటికి 70 మిగులు. ఏసీలు లేని ఇళ్లు ఎక్కువగా ఉన్న మన రాష్ట్రాల్లో ఈ ఏర్పాటు ఎక్కువమందికి లాభమే. వాపసు హామీ లేని సెస్‌ను మాత్రం నేను సమర్థించను. 86 వేల కోట్ల అనుభవం చాలు.

చిన్న పరిశ్రమ నడిపేవాళ్లు. మీకు ధర ఎంతన్నదాని కన్నా, ఐదేళ్లలో ఎంతవుతుందన్నదే టెన్షన్. పర్మిట్ ధర ఊగిసలాడుతుంది, ఏటా ఇంత పెరుగుతుందని ముందే రాసిపెట్టిన సెస్ మీకు నయం. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు యూరప్‌కు పంపేవాళ్లకు ఇంకో కారణం ఉంది. 2026 జనవరి నుంచి అక్కడి సరిహద్దు కార్బన్ సుంకం అసలు అమలు దశ మొదలైంది. ఆ లెక్కలోకి వచ్చే కాలుష్యానికి ఇక్కడ కార్బన్ ధర కట్టినట్టు చూపగలిగితే అక్కడ అంత మేర తగ్గిస్తారు. 'జీఎస్టీ కట్టాం' అంటే మాత్రం కార్బన్ ధరగా ఒప్పించడం కష్టం.

సింగరేణి ప్రాంతం వాళ్లు. ఇప్పటి ధరాధారిత పన్ను మీకు నష్టం. సింగరేణి బొగ్గు కోల్ ఇండియా బొగ్గు కన్నా ఖరీదు కాబట్టి, శాతం లెక్కన దాని మీదే ఎక్కువ రూపాయలు పడతాయి. కార్బన్‌ను బట్టి వేసే పన్ను వస్తే ఆ వివక్ష పోతుంది. దీర్ఘకాలంలో బొగ్గు వాడకం తగ్గుతుందన్న భయం న్యాయమైనదే. అందుకే రాబడిలో నిర్ణీత వాటా కొత్తగూడెం, మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి జిల్లాలకు చట్టంలోనే రాయించుకోవాలి. బడ్జెట్ ప్రసంగంలో మాట ఇస్తే సరిపోదు.

## నేనైతే

కార్బన్‌కు, బొగ్గు ధర మీద కాకుండా అందులోని కార్బన్ మీద సెస్. 400తో సమానమైన స్థాయిలో మొదలుపెట్టి ఏటా పెరిగేలా, పదేళ్ల పట్టిక ముందే ప్రకటించి. సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్లకు ఛార్జీ-వాపసు. ధూళికి, పాదరసానికి రాజీ లేని నిబంధన. పర్మిట్ల సంత విద్యుత్ రంగంలో తర్వాత రావొచ్చు, వచ్చిన రోజు పర్మిట్లు వేలంలోనే ఇవ్వాలి.

ఇందులో చాలా భాగం ఢిల్లీ చేతిలో ఉంది. అయినా ఒక తలుపు మన ఊళ్లోనే తెరిచి ఉంటుంది. డిస్కమ్‌లు ఏటా నవంబర్ చివరికల్లా రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) ముందు ఆదాయ అవసరాల లెక్క దాఖలు చేస్తాయి, తర్వాత బహిరంగ విచారణ ఉంటుంది. ఎవరైనా అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. అక్కడ ఈ మూడు అడగండి: బొగ్గు పన్ను మారాక ఒక్కో ప్లాంట్ చర వ్యయం ఎంత మారింది, మెరిట్ ఆర్డర్‌లో దాని స్థానం ఏమైంది? సాయంత్రం పీక్ కోసం కొత్త బొగ్గు ఒప్పందం ప్రతిపాదిస్తే, టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 2 వేల రూపాయలు వేసుకుని స్టోరేజ్‌తో పోల్చి చూశారా? ఎఫ్‌జీడీ పెడతామని వేసిన అంచనా ఖర్చులు, మినహాయింపు వచ్చాక టారిఫ్ లెక్కల్లోంచి తీసేశారా?